ముందొకటి, వెనకొకటి

ముందు స్పోకులు, వెనక అల్లాయ్ వేసిన బుల్లెట్‌ను మొదటిసారి ఇంటి ముందు ఆపగానే నాన్నగారు అడిగే ప్రశ్న ఒకటే ఉంటుంది: "ఏరా, రెండోదానికి డబ్బులు చాల్లేదా?" పక్కింటి బాబాయి కూడా అదే అడుగుతాడు, కాస్త నవ్వుతూ. కోపం తెచ్చుకోకండి. కస్టమ్ బండి మీద ఇంతకంటే సూటి విమర్శ ఎవరూ చేయలేరు. ఆ ప్రశ్నకు మీ దగ్గర జవాబుంటే చేసిన మార్పు నిలబడుతుంది. లేకపోతే నాలుగు నెలలు తిరక్కుండానే పాత చక్రం కోసం మీరే వెతుక్కుంటారు. రెంచి పట్టుకోకముందే ఆ జవాబు సిద్ధం చేసుకోవాలి.

ఏ చక్రం పని దానిదే

రెండు చక్రాలూ ఒకేలా ఉండాలనేది మన కంటికి అలవాటైన సంగతి మాత్రమే. పాత స్టాండర్డ్ బుల్లెట్‌కి ముందూ వెనకా 3.25-19 టైర్లే ఉండేవి. ఆ అలవాటును బుల్లెట్ తయారుచేసే కంపెనీయే వదిలేసి చాలాకాలమైంది. ఇప్పటి క్లాసిక్ 350కి ముందు 19 అంగుళాలు, వెనక 18. మీటియర్ 350కి 19, 17. సూపర్ మీటియర్ 650కి 19, 16. హిమాలయన్‌కి 21, 17. సైజు మార్చడానికి వెనకాడని వాళ్ళు డిజైన్ మాత్రం రెండువైపులా ఒకటే ఉంచుతున్నారు. మనం ఇంకొక్క అడుగు ముందుకేస్తున్నాం, అంతే.

సైజు ఎందుకు మార్చారో అర్థమైతే డిజైన్ ఎక్కడ మార్చవచ్చో కూడా అర్థమవుతుంది. ముందు చక్రం బండిని తిప్పుతుంది. గట్టిగా బ్రేకు పట్టినప్పుడు బరువు చాలావరకు దాని మీదకే వస్తుంది. గుంత మొదట తగిలేదీ దానికే. అది ఎంత తేలిగ్గా ఉంటే హ్యాండిల్ అంత చురుగ్గా మాట వింటుంది, ఫోర్కు స్ప్రింగులు అంత సులువుగా రోడ్డును అందుకుంటాయి. వెనక చక్రానిది మోత పని: చైను లాగుడు, మీరు, మీ వెనక కూర్చున్నవాళ్ళు, క్యారియర్‌కి కట్టిన బియ్యం బస్తా. మేకులు కూడా దానికే ఎక్కువ దిగుతాయి. రోడ్డు మీద పడుకుని ఉన్న మేకును ముందు టైరు లేపుతుంది, వెనక టైరు దాని మీదకెక్కుతుంది. పైగా వెనక చక్రం ఊడదీయాలంటే చైను, బ్రేకు అన్నీ కదపాలి. మిట్టమధ్యాహ్నం చిలకలూరిపేట దాటాక ట్యూబ్ పంక్చరైతే ఆ పని ఎంత సేపు పడుతుందో అనుభవించినవాళ్ళకు తెలుసు.

కాబట్టి నా సలహా ముందే చెప్పేస్తాను. కలపాలనుకుంటే ముందు స్పోక్, వెనక అల్లాయ్. తేలికైన రిమ్ ఎంచుకుంటే ముందు తేలిక, వెనక దిట్టం. వెనక ట్యూబ్‌లెస్ కావడంతో మేకు దిగినా గాలి మెల్లగా పోతుంది, చక్రం ఊడదీయకుండానే ప్లగ్ కొట్టించుకోవచ్చు. ముందు స్పోక్ రిమ్ గుంతలో వంగినా స్పోకులు సవరించి బెండ్ తీసే మనిషి ప్రతి మండల కేంద్రంలోనూ దొరుకుతాడు. అల్లాయ్ చిట్లితే అలా కుదరదు. వెల్డింగ్ పెట్టి ఇస్తామనేవాళ్ళు ఉంటారు, పెట్టించుకోకండి.

ఎదురు వాదన ఒకటుంది, కొట్టిపారేయదగింది కాదు. ట్యూబ్ ఉన్న టైరులో గాలి ఒక్కసారిగా పోవచ్చు. వెనక పోతే బండి తోకాడిస్తుంది కానీ చాలాసార్లు ఆపుకోగలం. ముందు పోతే హ్యాండిలే చేజారుతుంది. మరి ట్యూబ్‌లెస్ ముందే ఉండాలి కదా అంటారు. నిజమే. దీనికి మంచి పరిష్కారం 1987లోనే బీఎండబ్ల్యూ చూపించింది. ఆర్100జీఎస్ అనే బండికి స్పోకులను రిమ్ మధ్యలో కాకుండా అంచుల్లో బిగించింది. టైరు లోపలి గాలికీ స్పోక్ నిపుల్‌కీ సంబంధమే ఉండదు కాబట్టి ట్యూబ్ అక్కర్లేదు. మన హిమాలయన్ 450కి కూడా కంపెనీయే ట్యూబ్‌లెస్ స్పోక్ చక్రాలు ఇస్తోంది. ఖర్చు భరించగలిగితే ముందు అలాంటి చక్రమే మేలు.

ఖర్చు తగ్గించుకోవడానికి మామూలు స్పోక్ రిమ్ లోపల సిలికాన్ పూసి, టేపు చుట్టి "అన్నా, ఇదీ ట్యూబ్‌లెస్సే" అని ఇచ్చేవాళ్ళు ఉన్నారు. అప్పుడు రిమ్ మీద కొట్టిన అచ్చు చూడండి. ట్యూబ్‌లెస్ కోసం చేసిన రిమ్ మీద సైజు పక్కన ఎంటీ అనే అక్షరాలుంటాయి. దాని లోపలి అంచు దగ్గర టైరును పట్టి ఉంచే చిన్న గట్టు ఉంటుంది. గాలి తగ్గినా టైరు అంచు జారి మధ్య పల్లంలో పడకుండా ఆ గట్టే ఆపుతుంది. పాత తరహా డబ్ల్యూఎం రిముకి ఆ గట్టు ఉండదు. ఎంత సిలికాన్ పూసినా గాలి బయటికి పోకుండా ఆపగలరు గానీ, లేని గట్టును మాత్రం తేలేరు.

గాలికి ఎదురు నిలిచే చక్రం

కొందరికి స్పోకులూ వద్దు, అల్లాయ్ పుల్లలూ వద్దు. పళ్ళెంలా నిండుగా మూసేసిన డిస్కు చక్రం కావాలి. చూడటానికి బాగుంటుంది, ఒప్పుకుంటాను. కానీ దాని చోటు వెనకే. ముందు వేస్తే పక్కగాలి మొత్తం దాని మీద పడుతుంది. ఆ తోపు నేరుగా హ్యాండిల్‌కి చేరుతుంది. గోదావరి వంతెన మీద సాయంత్రం గాలికి, లేదా హైవే మీద లారీ పక్కనుంచి దూసుకెళ్ళినప్పుడు చేతుల్లో తేడా తెలుస్తుంది. వెనక చక్రం హ్యాండిల్‌తో పాటు తిరగదు కాబట్టి అక్కడ ఆ బాధ తక్కువ.

సైకిల్ పందేల వాళ్ళు దీన్ని ఎప్పుడో తేల్చుకున్నారు. గాలి చొరబడని ఇండోర్ ట్రాక్ మీద రెండువైపులా డిస్కు చక్రాలు వేస్తారు. ఆరుబయట టైమ్ ట్రయల్‌కి వచ్చేసరికి వెనక డిస్కు ఉంచి, ముందు మాత్రం గాలి దూరే చక్రం వేస్తారు. హవాయిలోని కోనాలో జరిగే ఐరన్‌మ్యాన్ ప్రపంచ పోటీలో గాలి ఉధృతి వల్ల ఏళ్ళ తరబడి వెనక డిస్కుకి కూడా అనుమతి ఇవ్వలేదు.

"మరి హార్లే ఫ్యాట్ బాయ్?" అని అడగబోతున్నారు, తెలుసు. 1990లో వచ్చిన ఫ్యాట్ బాయ్‌కి ముందూ వెనకా మూసిన చక్రాలే. మరుసటి ఏడాది 'టెర్మినేటర్ 2'లో ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగ్గర్ నడపడంతో ఆ చక్రాలు ప్రపంచమంతటికీ తెలిశాయి. కానీ ఆ బండి బరువు క్లాసిక్ 350 కంటే చాలా ఎక్కువ. టైర్లు లావు, మొత్తం జ్యామితి వేరు. ఆ బరువుకు అది చెల్లింది. దాన్ని చూసి మన బండికి ముందు పళ్ళెం బిగిస్తే పులిని చూసి నక్క వాతలు పెట్టుకున్నట్టే.

కొద్ది తేడా పొరపాటులా కనిపిస్తుంది

ఇక అందం సంగతి. దీని మీద ఒక్క మాటే గట్టిగా చెప్పగలను: వేరుగా ఉండాలనుకుంటే పూర్తిగా వేరుగా ఉండనివ్వండి. ముందు సన్నటి తీగల స్పోక్, వెనక నిండైన డిస్కు అయితే చూసేవాడికి ఇది కావాలని చేసిందని అర్థమవుతుంది. ముందు ఐదు పుల్లల అల్లాయ్, వెనక ఏడు పుల్లల అల్లాయ్ అయితే యాక్సిడెంట్‌లో ఒకటి పోయిందని, రాణీగంజ్‌లోనో ఆటోనగర్‌లోనో దొరికింది తెచ్చి బిగించారని అనుకుంటారు. నాన్నగారి ప్రశ్న పుట్టేది సరిగ్గా ఇలాంటి చోటే.

అమెరికా చాపర్లను చూడండి. 1969లో వచ్చిన 'ఈజీ రైడర్' సినిమాలో పీటర్ ఫోండా నడిపిన 'కెప్టెన్ అమెరికా' బండికి రెండూ స్పోకులే, కానీ ముందు పొడవాటి సన్న చక్రం, వెనక పొట్టి లావు చక్రం.   ఆ బండికి ముందు చక్రం బ్రేకే లేదు. ఆ ఒక్కటి మాత్రం అనుకరించకండి. తర్వాతి రోజుల్లో హార్లే కంపెనీయే నైట్ ట్రైన్ అనే బండిని ముందు 21 అంగుళాల స్పోక్ చక్రంతో, వెనక డిస్కు తరహా చక్రంతో షోరూములో అమ్మింది. ఎవరూ దాన్ని సగం కట్టిన బండి అనలేదు. రంగు కలిసింది, బరువంతా వెనక కూర్చుంది, ముందుభాగం పల్చగా సాగింది. కంటికి ఒప్పింది.

ఆకారం వేరైనప్పుడు మిగతావి కలవాలి. రిమ్ రంగు రెండువైపులా ఒకటే ఉండాలి. నల్లదైతే రెండూ నలుపే. ముందు క్రోమ్ మెరుస్తూ వెనక మ్యాట్ నలుపు ఉంటే బండి రెండు ముక్కలైపోతుంది. టైర్లు ఒకే కంపెనీవి, ఒకే నమూనా గాళ్ళతో ఉంటే సగం పని అయిపోయినట్టే. ముందు పాతకాలపు గీతల టైరు, వెనక గుబ్బల టైరు వేస్తే ఎంత మంచి రిమ్ అయినా తేలిపోతుంది. ఇంకోటి, డబ్బు పెట్టకముందే చూసుకునే ఉపాయం ఉంది. అట్టముక్కను గుండ్రంగా కత్తిరించి నల్లరంగు వేసి, ఆపి ఉన్న బండి వెనక చక్రానికి తగిలించండి. పది అడుగుల దూరం నుంచి పక్కవాటుగా ఫోటో తీసి, రంగు తీసేసి నలుపు తెలుపులో చూడండి. బండి వెనక్కి కుంగినట్టు అనిపిస్తే డిస్కు మీకు పనికిరాదు, అల్లాయ్ చాలు. ఆ అట్టతో రోడ్డెక్కకండి, అది వేరే చెప్పాలా.

లెక్క ఒక్కసారైనా వేసుకోవాలి

డిజైన్‌తో పాటు సైజు కూడా మారుస్తుంటే కాగితం, పెన్ను తీసుకోండి. ఎవరో చెప్పిన "పడుద్ది అన్నా" మీద ఆధారపడకండి. క్లాసిక్ 350 ముందు టైరు 100/90-19. వెడల్పు 100 మిల్లీమీటర్లు, ఎత్తు అందులో 90 శాతం, అంటే 90. రిమ్ 19 అంగుళాలంటే 482.6 మి.మీ. దానికి పైనా కిందా టైరు ఎత్తు కలిపితే మొత్తం వ్యాసం దాదాపు 663. దాని బదులు 90/90-21 వేస్తే 533.4కి 162 కలుస్తుంది, దాదాపు 695. చక్రం 32 మి.మీ. పెద్దదైంది, యాక్సిల్ 16 మి.మీ. పైకి లేచింది.

పదహారు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది. క్లాసిక్ వీల్‌బేస్ 1390 మి.మీ. ముందు అంత లేస్తే ఫోర్కు వాలు ఇంచుమించు 0.7 డిగ్రీలు పెరుగుతుంది. ఫోర్కు వాలు 26 డిగ్రీలనుకుని లెక్కవేస్తే ట్రెయిల్ పది మిల్లీమీటర్ల పైనే పెరుగుతుంది. ఫోర్కు తిరిగే గీతను నేల దాకా పొడిగిస్తే అది తాకే చోటుకీ, టైరు నేలను తాకే చోటుకీ మధ్య ఉండే దూరమే ట్రెయిల్. అది పెరిగితే హైవేలో బండి తిన్నగా, స్థిరంగా పోతుంది. కోఠి సందుల్లో తిప్పేటప్పుడు మాత్రం హ్యాండిల్ బద్ధకిస్తుంది. మీరు ఎక్కువగా ఎక్కడ నడుపుతారో మీకే తెలుసు. మడ్‌గార్డ్‌ను కూడా చూసుకోండి. 21 అంగుళాల టైరు దాన్ని గీకవచ్చు.

వెనక సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. క్లాసిక్ వెనక టైరు 120/80-18 మొత్తం వ్యాసం 649 మి.మీ. 140/70-17 వేస్తే 628. 150/80-16 వేస్తే 646. అంటే రెండు అంగుళాలు తగ్గించిన 16 రిముతో బండి ఎత్తు దాదాపు మారదు, ఒక్క అంగుళం తగ్గించిన 17 రిముతో సీటు పది మిల్లీమీటర్లు దిగుతుంది. రిమ్ నంబరు చూసి బండి ఎత్తు ఊహించేవాళ్ళు ఇక్కడే బోల్తా పడతారు. కాకపోతే 150 టైరు మీ స్వింగ్ ఆర్మ్‌లో దూరుతుందా, చైను టైరును రాస్తుందా అన్నది టేపు పెట్టి కొలుచుకోవాల్సిందే.

స్పీడోమీటర్ తప్పు చూపించడం చిన్న విషయం. ముందు చక్రం నుంచి కేబుల్ ఉన్న పాత బుల్లెట్‌కి 19 బదులు 21 వేస్తే ముల్లు 60 దగ్గర ఉన్నప్పుడు బండి నిజంగా 63 పైనే ఉంటుంది. పెద్ద విషయం ఏబీఎస్. 125 సీసీ దాటిన కొత్త బళ్ళన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి అది తప్పనిసరి. రెండువైపులా సెన్సర్లున్న బండిలో అది ముందు, వెనక చక్రాల వేగాలను నిరంతరం పోల్చి చూస్తుంది. ముందు 21, వెనక 140/70-17 వేశారంటే ఆ రెంటి మధ్య అసలు ఉన్న నిష్పత్తి ఎనిమిది శాతానికి పైగా తారుమారైనట్టే. మీటర్‌లో ఏబీఎస్ దీపం వెలిగి ఉండిపోవచ్చు, లేదా బ్రేకు పట్టినప్పుడు అనుకోని తీరులో ప్రవర్తించవచ్చు. నేనైతే ఏ చక్రం వ్యాసంలోనూ తేడా రెండు శాతం దాటనివ్వను. హబ్ మీది సెన్సర్ రింగుకి పాతదానికి ఎన్ని పళ్ళున్నాయో కొత్తదానికీ అన్నే ఉండాలి.

ఇదంతా తలనొప్పి అనిపిస్తే దగ్గరి దారి ఒకటుంది. క్లాసిక్ 350నే కంపెనీ కొన్ని రంగుల్లో స్పోకులతో, కొన్ని రంగుల్లో అల్లాయ్‌తో అమ్ముతోంది. రెంటికీ సైజులు ఒకటే: 19, 18. ఒకదాని ముందు చక్రం, ఇంకోదాని వెనక చక్రం కలిపితే టైరు లెక్కలు, స్పీడు లెక్కలు మారవు. యాక్సిల్, స్పేసర్లు, బ్రేకు డిస్కు, ఏబీఎస్ రింగు పార్ట్ నంబర్లు షోరూమ్ స్పేర్స్ కౌంటర్‌లో సరిచూసుకుంటే చాలు. మొదటిసారి చేసేవాళ్ళకు ఇంతకంటే మంచి మొదలు లేదు. బయటి కంపెనీ అల్లాయ్ కొనేటట్టయితే ఐఎస్ఐ ముద్ర లేనిదాన్ని చేత్తో కూడా ముట్టుకోకండి.

దారంతో పరీక్ష

చక్రాలు బిగించాక మెకానిక్ "అయిపోయింది" అంటాడు. కాలేదు. కొత్త హబ్ కొలతలు వేరు, స్పేసర్లు వేరు. వెనక చక్రం నాలుగు మిల్లీమీటర్లు పక్కకి కూర్చున్నా బండి ఒకవైపు లాగుతుంది, చైను ఏటవాలుగా నడిచి స్ప్రాకెట్ పళ్ళను తినేస్తుంది. దీన్ని పట్టుకోవడానికి పెద్ద యంత్రం అక్కర్లేదు, తాపీమేస్త్రీ వాడే దారం చాలు.

బండిని సెంటర్ స్టాండ్ మీద సమంగా నిలపండి. దారాన్ని వెనక టైరు వెనకవైపు చుట్టి, రెండు కొసలనూ చెరో పక్కనుంచి ముందుకు తెచ్చి, ముందు చక్రం దాటాక రెండు ఇటుకలకు కట్టండి. దారం నేల నుంచి జానెడు పైన ఉండాలి, దారిలో స్టాండుకో సైలెన్సర్‌కో తగలకూడదు. ఇప్పుడు ఇటుకలను మెల్లగా లోపలికి జరుపుతూ, వెనక టైరు ముందంచును దారం అప్పుడే తాకే దగ్గర ఆపండి. అటూ ఇటూ రెండు దారాలూ వెనక టైరును ముందూ వెనకా ఒకేలా తాకుతూ ఉండాలి. ముందు టైరు సన్నది కాబట్టి దారానికీ దానికీ మధ్య రెండువైపులా ఖాళీ ఉంటుంది. హ్యాండిల్‌ను నిటారుగా పట్టి ఆ ఖాళీని స్కేలుతో కొలవండి. ఎడమవైపు 10, కుడివైపు 10 వస్తే సరే. ఎడమ 13, కుడి 7 వస్తే ముందు చక్రం మధ్య నుంచి మూడు మిల్లీమీటర్లు పక్కనుంది. అప్పుడు చైను అడ్జస్టర్లు, ఆ తర్వాత స్పేసర్లు చూడాలి. మెకానిక్ పక్కనుండగానే చేయండి. దారం చూపించాక ఎవరూ వాదించరు.

కొత్తగా అల్లిన స్పోక్ చక్రాన్ని ఐదువందల కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ చూపించాలి. స్పోకులు కూర్చుంటాయి, కొన్ని వదులవుతాయి. చక్రాన్ని తిప్పుతూ చిన్న స్పానర్‌తో ఒక్కో స్పోకునూ మీటండి. బిగువుగా ఉన్నవి ఖణేల్‌మంటాయి, వదులైంది బొంగురుగా పలుకుతుంది. అది చాలు గుర్తుపట్టడానికి.

ఆర్సీ పుస్తకం

చివరికి చట్టం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకూ రిజిస్ట్రేషన్‌లో ఉన్నదానికీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా సమర్థించింది. అదే ఏడాది వచ్చిన సవరణతో అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడే వీలుంది. అదే మోడల్‌కి అదే సైజులో కంపెనీ ఇచ్చిన చక్రాలతో చేసే మార్పుకీ, సైజు మార్చి బయటి రిమ్ వేసే మార్పుకీ ఇక్కడ చాలా తేడా ఉంటుంది. రెండో దారి పడితే ముందుగా రవాణాశాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. బీమా కంపెనీకి కూడా రాతపూర్వకంగా తెలియజేయండి. చెప్పకుండా చేసిన మార్పు క్లెయిమ్ రోజున తగాదా తెస్తుంది.

ఒక్క మాట మిగిలింది. తీసిన చక్రాన్ని ఆరోజే మెకానిక్‌కి వదిలేసి రాకండి, పాత సామాన్లవాడికి వేయకండి. టైరుతో సహా ఇంటికి తెచ్చి, బేరింగులకు గ్రీజు పెట్టి, సంచిలో చుట్టి అటక మీద పెట్టండి. సొంత బండి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ళకు అయిపోతుంది, పొడిగించేటప్పుడు బండిని తనిఖీకి తీసుకెళ్ళాలి. ఆ రోజు ఆ చక్రం అవసరం పడుతుంది.